పెద్దపేగు క్యాన్సర్ మరణాల పటం: సిక్కోలు వైపు నుంచి చదివితే

ఇచ్ఛాపురం నుంచి బరంపురం పాతిక కిలోమీటర్ల దూరం. విశాఖపట్నం రెండు వందలు దాటుతుంది. అందుకే ఇచ్ఛాపురం, కవిటి వైపు ఊళ్లలో జబ్బు ముదిరితే ఒడిశా దారి పట్టేవాళ్లు చాలామంది. అదే పలాస మనిషయితే శ్రీకాకుళం వస్తారు, అక్కడ కుదరకపోతే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళతారు. మన దేశంలో మరణం నమోదయ్యేది ప్రాణం పోయిన చోట, బతికిన చోట కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పద్ధతి అదే. పెద్దపేగు క్యాన్సర్‌తో బరంపురంలో చనిపోయిన ఇచ్ఛాపురం రైతు ఒడిశా లెక్కలో చేరతాడు. కేజీహెచ్‌లో చనిపోయిన పలాస జీడిపప్పు కార్మికురాలు విశాఖ లెక్కలో చేరుతుంది. నమోదు ఫారంలో సొంత ఊరి పేరు రాసే గడి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఎవరైనా ఆ మరణాలను తిరిగి ఊళ్లవారీగా విడదీస్తే తప్ప, శ్రీకాకుళం జిల్లా పటం మీద ఈ ఇద్దరూ కనిపించరు.

చిక్కులో ఇది మొదటి ముడి మాత్రమే. ‘ఫలానా చోట పెద్దపేగు క్యాన్సర్ మరణాల రేటు తక్కువ’ అన్న ఒక్క మాటలో నాలుగు సంగతులు కలగలిసి ఉంటాయి. ఆ జబ్బు అక్కడ ఎంతమందికి వస్తోంది, వచ్చినవాళ్లలో ఎందరు బతికి బయటపడుతున్నారు, అక్కడి జనంలో పెద్దవయసువాళ్లు ఎంతమంది, చావుకు అసలు కారణం కాగితం మీద సరిగా పడుతోందా. ఈ నాలుగింటినీ విడదీసి చూడకపోతే ఉత్తరాంధ్రలో మనకు ఈ జబ్బు బెడద లేదన్న ధీమా వస్తుంది. ఆ ధీమా వల్లే నెత్తురు పడుతున్నా మొలలే అనుకుని ఏడాది గడిపేస్తున్నారు.

తక్కువగా వస్తుంది, వచ్చాక ఎక్కువగా చంపుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022కి వేసిన అంచనా ప్రకారం ఆ ఏడాది ప్రపంచంలో సుమారు 19 లక్షల మందికి పెద్దపేగు, పురీషనాళ (మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగం) క్యాన్సర్లు కొత్తగా వచ్చాయి. సుమారు 9 లక్షల మంది చనిపోయారు. కొత్త కేసుల్లో అన్ని క్యాన్సర్లలో దీనిది మూడో స్థానం, మరణాల్లో రెండో స్థానం. అదే అంచనాలో భారతదేశానికి కొత్త కేసులు సుమారు 70 వేలు, మరణాలు సుమారు 41 వేలు. వయసు తేడాలు సరిచేశాక ప్రపంచంలో లక్షకు సుమారు 18 మందికి ఈ జబ్బు వస్తుంటే మన దేశంలో అయిదుగురికి దగ్గరగా ఉంది. ఇక్కడిదాకా చూస్తే మనం అదృష్టవంతులమే.

ఇప్పుడు మరణాలను కేసులతో భాగించి చూడండి. ప్రపంచం మొత్తానికి ఆ నిష్పత్తి నూటికి 47. మనకు 58. అమెరికాలో మూడో వంతు చుట్టూ ఉంటుంది. ఈ ఏడాది చనిపోయినవాళ్లు ఈ ఏడాది జబ్బు బయటపడ్డవాళ్లే కానక్కర్లేదు కాబట్టి ఇది కచ్చితమైన కొలత కాదు. అయినా దిశ మాత్రం స్పష్టంగా చెబుతుంది. మరణాల రేటు అంటే స్థూలంగా రెండు సంఖ్యల గుణకారం: ఎంతమందికి వస్తుంది, వచ్చినవాళ్లలో ఎంతమంది పోతారు. మన దగ్గర మొదటిది చిన్నది కాబట్టి లబ్ధం చిన్నగా కనిపిస్తోంది. రెండోది పెద్దదే. తిండి, పని, బరువు మారి మొదటి సంఖ్య పెరగడం మొదలైతే, రెండోదాన్ని ఈలోగా తగ్గించుకోని ప్రాంతంలో మరణాలు వేగంగా పెరుగుతాయి.

ప్రపంచంలో ఈ రెండు సంఖ్యలూ ఒకే దారిలో నడవలేదు. కొత్త కేసులు పశ్చిమ, ఉత్తర ఐరోపాల్లో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో బాగా ఎక్కువ. మరణాల రేటు అన్నింటికంటే ఎక్కువగా ఉన్నది మాత్రం తూర్పు ఐరోపాలో, హంగరీ, స్లొవేకియా వంటి దేశాల్లో. జబ్బును ఎప్పుడు పట్టుకుంటున్నారన్న దాంట్లో, చికిత్స ఎలా అందుతోందన్న దాంట్లో తేడా ఉంది. కాలక్రమంలో చూస్తే దేశాలు మూడు తీరుల్లో నడిచాయి. అమెరికా, జపాన్, ఫ్రాన్స్‌లలో కేసులూ మరణాలూ తగ్గాయి. కెనడా, బ్రిటన్, డెన్మార్క్, సింగపూర్‌లలో కేసులు పెరుగుతున్నా మరణాలు తగ్గాయి. రష్యా, చైనా, బ్రెజిల్ వంటి చోట్ల రెండూ పెరుగుతూ వచ్చాయి. మన జిల్లాలు ఈ మూడో దారిలో అడుగుపెట్టే ముందే రెండో దారికి మళ్లవచ్చు. కేసులు పెరగకుండా ఆపడం ఒక తరం పని. వచ్చినవాళ్లను బతికించడం పదేళ్లలో అయ్యే పని.

ఒకే దేశంలో పటం తిరగబడిన వైనం

అమెరికా ఉదాహరణ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ‘ప్రాంతం’ అనేది మట్టిలో, నీళ్లలో ఉన్న గుణం కాదని అక్కడ తేలినంత స్పష్టంగా మరెక్కడా తేలలేదు. 1970ల్లో అక్కడ పెద్దపేగు క్యాన్సర్ మరణాలు ఎక్కువగా ఉన్నది ఈశాన్య రాష్ట్రాల్లో, అంటే డబ్బున్న, నగరాలున్న వైపు. దక్షిణాదిలో తక్కువ. నలభై ఏళ్లలో అది తలకిందులైంది. ఈశాన్యంలో రేటు బాగా పడిపోయింది, దక్షిణాన పేద జిల్లాల్లో సరిగా తగ్గలేదు. 2009 నుంచి 2011 వరకు ఉన్న మరణాలను జిల్లాల వారీగా పటం గీస్తే మూడు చోట్ల మంట కనిపించింది: మిసిసిపీ నది దిగువ డెల్టా, అపలేషియన్ కొండల పశ్చిమ మధ్య భాగం, వర్జీనియా, నార్త్ కరోలినా రాష్ట్రాల తూర్పు భాగం. మిసిసిపీ డెల్టాలో మరణాల రేటు మిగతా దేశం కంటే 40 శాతం ఎక్కువ.

కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష), మంచి సర్జరీ, కీమోథెరపీ వచ్చింది ఆ మధ్యకాలంలోనే. అవి ముందు ఎవరికి అందాయో అక్కడ రేటు ముందు తగ్గింది. డాక్టరు దూరంగా ఉన్నచోట, బీమా లేనిచోట పాత రేటే మిగిలిపోయింది. వైద్యం మెరుగయ్యేకొద్దీ ప్రాంతాల మధ్య తేడా తగ్గుతుందనుకుంటాం. చాలాసార్లు ముందు పెరుగుతుంది. విశాఖలో పెద్ద ఆసుపత్రులు పెరుగుతున్న ఈ కాలంలో మందస, భామిని, కురుపాం మండలాల సంగతి వేరుగా ఆలోచించాల్సింది ఇందుకే.

మన ప్రాంతానికి దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ ఒకటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు, అడ్డపొగ. దానివల్ల అంగిలి మీద వచ్చే క్యాన్సర్‌ను 1960ల నుంచే పరిశోధకులు ఇక్కడి ఊళ్లలో తిరిగి నమోదు చేశారు. అక్కడ ఒక అలవాటు, ఒక చోటు, ఒక జబ్బు. పెద్దపేగు క్యాన్సర్ అలాంటిది కాదు. పొగాకు, మద్యం, నడుం చుట్టూ కొవ్వు, శారీరక శ్రమ తగ్గడం, ప్రాసెస్ చేసిన మాంసం, పీచు తక్కువ తిండి, వంశంలో వచ్చే జన్యువులు, ఇవన్నీ తలో కాస్త తోస్తాయి. జపాన్ నుంచి హవాయికి వలస వెళ్లినవాళ్లలో ఒకటి రెండు తరాల్లోనే ఈ జబ్బు అమెరికన్లకు సమానంగా పెరిగింది. జన్యువులు మారలేదు, కంచం మారింది. చోడి అంబలి, గంటి అన్నం వదిలి మూడు పూటలా పాలిష్ బియ్యానికి మారిన మన ఊళ్లకు ఆ మార్పు ఫలితం ఇప్పుడే లెక్కల్లో కనిపించదు. ఇవాళ్టి మరణాలు ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి జీవితానికి సంబంధించినవి.

వయసు సరిచేయకపోతే లెక్క ఎలా దారి తప్పుతుంది

2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యిమంది మగవారికి 1015 మంది ఆడవారు, విజయనగరంలో 1019 మంది. మగపిల్లలు పని కోసం చెన్నై, హైదరాబాద్, గుజరాత్ తీరాలకు వెళ్లిపోవడం కూడా ఆ అంకెలో ఉంది. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు. ఈ క్యాన్సర్ వయసుతో బాగా పెరిగే జబ్బు కనుక ఆ వలస ఒక్కటే రేటును మార్చేస్తుంది.

ఊహాత్మకంగా రెండు మండలాలు తీసుకుందాం, ఒక్కోదానిలో లక్ష జనాభా. వలస ఎక్కువున్న తీరప్రాంత మండలంలో అరవై దాటినవాళ్లు 16 వేలు. విజయనగరం పట్నానికి దగ్గరగా, ఫ్యాక్టరీలున్న మండలంలో 9 వేలు. రెండుచోట్లా జబ్బు తీవ్రత ఒకటే అనుకుందాం: అరవై దాటినవారిలో లక్షకు 20 మరణాలు, అంతకంటే చిన్నవారిలో లక్షకు ఒకటిన్నర. మొదటి మండలంలో 3.2కి 1.26 కలిపితే 4.5 మరణాలు వస్తాయి. రెండోదానిలో 1.8కి 1.37 కలిపితే 3.2. జబ్బులో ఏ తేడా లేకుండానే తీరప్రాంతం 40 శాతం అధ్వానంగా కనిపించింది. రెండు చోట్లకూ ఒకే ప్రామాణిక జనాభాను వర్తింపజేసి లెక్కిస్తే ఈ తేడా మాయమవుతుంది. అందుకే వయసు సర్దుబాటు చేయని రేట్లతో జిల్లాలను పోల్చే ఏ పట్టికనూ నమ్మకూడదు.

ఇదే పొరపాటు ఇంకో రూపంలో తరచూ వినిపిస్తుంది. ‘మన దేశంలో ఈ క్యాన్సర్ పాశ్చాత్యుల కంటే ఇరవై ఏళ్లు ముందే వస్తోంది, రోగుల సగటు వయసు 50కి లోపే’ అంటారు. సగటు వయసు తక్కువన్నది నిజమే. కానీ మన జనాభాలోనే చిన్నవాళ్లు ఎక్కువ కాబట్టి రోగుల సగటు కూడా కిందికి వస్తుంది. నలభై ఏళ్ల మనిషికి ముప్పు ఎంతన్నది తెలియాలంటే ఆ వయసువాళ్లలో లక్షకు ఎందరికి వచ్చిందో చూడాలి, రోగుల సగటు వయసు చూసి లాభం లేదు. యువతలో పెరుగుతున్న మాట కూడా నిజమే, అయితే దాని రుజువు ఈ సగటులో లేదు. అమెరికాలో 1990 ప్రాంతంలో పుట్టినవారికి, 1950 ప్రాంతంలో పుట్టినవారు అదే వయసులో ఉన్నప్పటి కంటే కోలన్ (పురీషనాళం కాక మిగతా పెద్దపేగు) క్యాన్సర్ ముప్పు రెట్టింపు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు నాలుగింతలు. అక్కడ స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేనివారికీ చేసే ముందస్తు పరీక్ష, మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి దించారు.

తర్వాతి చిక్కు చిన్న సంఖ్యలది. ఇప్పటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఒక్కోదానిలో స్థూలంగా 20 లక్షల జనాభా ఉందనుకుని, మరణాల రేటు లక్షకు 3 అనుకుంటే ఏడాదికి 60 మరణాలు. ఏ మార్పూ లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అది ఒక ఏడు 45, ఇంకో ఏడు 75 కావచ్చు. 60 వేల జనాభా ఉన్న మండలంలో సగటున ఏడాదికి ఇద్దరు. ఒక ఏడు ఎవరూ పోకపోవచ్చు, మరుసటి ఏడు అయిదుగురు పోవచ్చు. ‘ఫలానా ఊళ్లో క్యాన్సర్ విజృంభిస్తోంది’ అన్న వార్త రాసేముందు కనీసం అయిదేళ్ల లెక్కలు కలిపి చూడాలి. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో పాలకొండ శ్రీకాకుళం నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది, రాజాం విజయనగరంలోకి వచ్చింది, కురుపాం, సాలూరు విజయనగరం నుంచి పోయాయి. 2021 శ్రీకాకుళం, 2023 శ్రీకాకుళం ఒకే జిల్లా కావు. ధోరణి చూడాలంటే మండలాల వారీగా విప్పి, పాత హద్దుల్లోనో కొత్త హద్దుల్లోనో తిరిగి కట్టాలి.

మరణ పత్రంలో మాయమయ్యే క్యాన్సర్

2020లో దేశవ్యాప్తంగా నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం. మిగతావాటిలో కారణం ఇంట్లోవాళ్లు చెప్పినదే, లేదా అసలు లేదు. ధ్రువీకరించిన వాటిలోనూ ఒక తప్పు మళ్లీమళ్లీ జరుగుతుంది. పెద్దపేగు గడ్డ కాలేయానికి పాకి చనిపోతే ‘లివర్ క్యాన్సర్’ అని రాస్తారు. గడ్డ వల్ల పేగు మూసుకుపోయి, చిరిగి, చీము పట్టి చనిపోతే ‘సెప్టిక్ షాక్’ అనో, ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అనో రాసి వదిలేస్తారు. గుండె ఆగడం చావు తీరు, కారణం కాదు.

ఆసుపత్రిలో పోతే నాలుగో నంబరు ఫారం, ఇంట్లో పోతే 4-ఎ. రెండింటిలోనూ మొదటి భాగంలో వరుసలు ఉంటాయి. పై వరుసలో చివరి క్షణపు కారణం, దాని కింద దానికి దారితీసినది, అన్నింటికంటే కింద అసలు మూలం. సరిగా రాస్తే ఇలా ఉంటుంది: పైన సెప్టిక్ షాక్, దాని కింద పేగు అడ్డుపడి చిరగడం, చిట్టచివర సిగ్మాయిడ్ కోలన్ క్యాన్సర్. గణాంకాల్లోకి ఎక్కేది సాధారణంగా ఆ చిట్టచివరి వరుసే. అది ఖాళీగా ఉంటే ఆ మనిషి క్యాన్సర్ లెక్కలో ఉండడు. పురీషనాళ క్యాన్సర్‌ను ‘కోలన్’ అని రాసేయడం కూడా ప్రపంచమంతటా జరిగే పొరపాటే. మరణాల లెక్కల్లో కోలన్, రెక్టమ్ (పురీషనాళం) రెండింటినీ కలిపి ఒకే రేటుగా చూపించడానికి ఇదొక కారణం.

ఈ రెండు జిల్లాల్లో గొలుసు తెగేచోటు

పేగు గోడ దాటని దశలో దొరికితే అయిదేళ్లు బతికేవారు అమెరికా లెక్కల్లో నూటికి 90. పక్కన లింఫు గ్రంథులకు పాకాక సుమారు 73. దూరపు అవయవాలకు చేరాక 15 చుట్టూ. జబ్బు ఒకటే, దొరికిన రోజు వేరు. మన దగ్గర నెలలు ఎక్కువగా పోయేది ఆసుపత్రిలో కాదు, అక్కడికి చేరకముందు.

విరేచనంలో నెత్తురు కనిపిస్తే ముందు వినిపించే మాట ‘వేడి చేసింది’. తర్వాత మజ్జిగ, సబ్జా. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మెట్రోనిడాజోల్, జిగట విరేచనాలనుకుని. ఆ తర్వాత ‘మొలలు, ఫిషర్, ఫిస్టులా’ బోర్డు. ఈ నాలుగు మజిలీల్లో ఎక్కడా ఎవరూ వేలు పెట్టి చూడకపోవడం అసలు లోపం. తొడుగు వేసుకున్న వేలికి మలద్వారం నుంచి ఏడెనిమిది సెంటీమీటర్ల లోపలి దాకా అందుతుంది. మన దేశంలో పురీషనాళ క్యాన్సర్ వాటా ఎక్కువ కాబట్టి చాలా గడ్డలు ఆ అందే దూరంలోనే ఉంటాయి. అర నిమిషం పట్టే పరీక్ష, పైసా ఖర్చు లేదు. మొలలకు ఇంజెక్షనో, లేజరో చేయించుకోబోయే ప్రతి ఒక్కరూ ముందు ఈ పరీక్ష చేయమని అడగాలి. మొలలున్న మనిషికి క్యాన్సర్ ఉండకూడదన్న నియమం లేదు.

కొన్ని గుర్తులు మొలలకు సరిపోవు. నెత్తురు మలం మీద చారలా కాకుండా మలంలో కలిసి, బంకతో వస్తే, వెళ్లొచ్చిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపిస్తూ ఏమీ రాకపోతే, ఏళ్లుగా ఉన్న అలవాటు మారి మూడు నాలుగు వారాలు అలాగే ఉంటే, కారణం లేకుండా బరువు తగ్గితే, నలభై దాటినవారు ఆగకూడదు. నలభై లోపువారికి కూడా నెత్తురు ఆగకపోతే ఇదే వర్తిస్తుంది.

పెద్దపేగు కుడివైపు గడ్డ అయితే కంటికి నెత్తురు కనిపించదు. చుక్కచుక్కగా కారి మనిషి పాలిపోతాడు. ఇక్కడ ఉద్దానం ప్రత్యేకంగా ప్రమాదకరమైన చోటు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత సామాన్యమంటే, రక్తం తక్కువగా ఉన్న మనిషిని చూడగానే కిడ్నీ వల్లే అని తేల్చేస్తారు. కిడ్నీ జబ్బులో రక్తహీనత నిజంగానే వస్తుంది, అందుకే దాని చాటున గడ్డ దాక్కోగలదు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ కొద్దిగానే పెరిగి హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోతే ఆ రెండూ పొంతన కుదరవని అనుమానించాలి. ఇనుము నిల్వలు చూసే ఫెరిటిన్ పరీక్షలో మామూలు మనిషికి 15 కంటే తక్కువైతే లోపం ఖాయం. కిడ్నీ జబ్బులో వాపు వల్ల ఆ సంఖ్య పైకి పోతుంది కాబట్టి 100 కంటే తక్కువున్నా లోపం కిందే లెక్కగట్టాలి. మగవారిలో ఏ వయసులోనైనా, ముట్లుడిగిన ఆడవారిలోనైనా ఇనుము లోపం రుజువైతే మాత్రలతో సరిపెట్టకుండా పైనుంచి ఎండోస్కోపీ, కిందనుంచి కొలనోస్కోపీ రెండూ చేయించాలి. కిడ్నీ జబ్బు వల్లే ఉద్దానం లెక్కల్లో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపించే అవకాశమూ ఉంది. కిడ్నీతో ముందే పోయినవారు క్యాన్సర్‌తో పోయేదాకా ఉండరు కదా.

కొలనోస్కోపీ రాసిచ్చాక ఎదురయ్యే ఇబ్బంది కూడా దూరానిదే. పేగు శుభ్రం కావడానికి పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి కలిపిన నీళ్లు రెండు నుంచి నాలుగు లీటర్లు తాగాలి. సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు. సోంపేట మనిషికి విశాఖలో ఉదయం తొమ్మిదికి పరీక్ష ఉంటే రెండో సగం తాగాల్సిన వేళకు రైల్లో ఉంటాడు. భయపడి అది మానేస్తాడు. రాత్రంతా దిగిన పైత్యరసంతో పేగు కుడివైపు మళ్లీ మురికిగా మారుతుంది, అక్కడి పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న బుడిపె) కనిపించదు, రిపోర్టు ‘నార్మల్’ వస్తుంది. ముందురోజు రాత్రి విశాఖలోనే బస చేయాలి, లేదా మధ్యాహ్నం సమయం అడిగి తీసుకోవాలి. రెండు మూడు రోజుల ముందు నుంచి తోటకూర, చోళ్లు, గింజలున్న వంకాయ, జామ మాని తెల్ల అన్నం, వడగట్టిన చారు, పెరుగుతో ఉండాలి. ఇనుము మాత్రలు వారం ముందు ఆపాలి, అవి మలాన్ని నల్లగా, బంకగా చేసి గోడకు అంటిస్తాయి. కిడ్నీ జబ్బున్నవారు సోడియం ఫాస్ఫేట్ ద్రావణం తాగకూడదు, అది కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది.

రిపోర్టులో రెండు సంగతులు వెతకండి: గొట్టం సీకమ్ దాకా, అంటే పెద్దపేగు మొదలుదాకా వెళ్లిందా, పేగు ఎంత శుభ్రంగా ఉంది. ఆ రెండూ రాయని ‘నార్మల్’కు విలువ తక్కువ.

చికిత్సలో ప్రాంతం ఎక్కడ అడ్డొస్తుంది

పురీషనాళ క్యాన్సర్‌కు సర్జరీ నాణ్యత ఎంత ముఖ్యమో యూరప్ చూపించింది. గడ్డను చుట్టూ ఉన్న కొవ్వు సంచితో సహా, ఆ పొర చిరగకుండా తీసే పద్ధతిని ఇంగ్లండ్‌లో సర్జన్ బిల్ హీల్డ్ 1982లో వివరించాడు. అంతకుముందు నూటికి ఇరవై, ముప్పై మందికి గడ్డ అదే చోట తిరిగి వచ్చేది. 1990ల్లో నార్వే, స్వీడన్‌లు సర్జన్లకు ఆ పద్ధతి నేర్పించి, ప్రతి ఆపరేషన్ ఫలితాన్ని జాతీయ రిజిస్టరులో రాయించాయి. తిరిగి రావడం నూటికి పదికి లోపే తగ్గింది. కొత్త మందేమీ లేకుండా, నేర్పుతోనే దేశం మొత్తం రేటు మారింది. కాబట్టి ఆపరేషన్ తేదీకి పరుగెత్తే ముందు పెల్విస్ (కటి భాగం) ఎమ్మారై తీయించి, సర్జన్, రేడియేషన్ వైద్యుడు, కీమో వైద్యుడు కలిసి నిర్ణయించే చోటికి వెళ్లడం మేలు. మనకు దగ్గరలో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, టాటా మెమోరియల్ కేంద్రానికి చెందినది. ఆపరేషన్ తర్వాత వచ్చే రిపోర్టులో కనీసం 12 లింఫు గ్రంథులు పరీక్షించారో లేదో చూడాలి. అంతకంటే తక్కువైతే దశ తప్పుగా తేలి, అవసరమైన కీమో అందకుండా పోవచ్చు.

రేడియేషన్‌లో రెండు దారులున్నాయి. పాత దారిలో వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలకు పైగా, 25 నుంచి 28 విడతలు. రెండో దారిలో రోజుకు 5 గ్రే (రేడియేషన్ కొలత) చొప్పున అయిదు రోజులే, ఆ తర్వాత కీమో, తర్వాత ఆపరేషన్. ఎవరికి ఏది తగునో వైద్యులు చెప్పాలి. రెండూ సరిపోయే రోగి అయితే, తోడు వచ్చిన మనిషి అయిదు వారాల కూలి పోవడం కూడా నిర్ణయంలో లెక్కలోకి రావాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఖర్చు గడిచినా బస, తిండి, పోయిన కూలి గడవక మధ్యలో ఇంటికి వెళ్లిపోయేవారు ఉంటారు. సగంలో ఆగిన రేడియేషన్‌ను తర్వాత అతికించలేం.

కీమోలో తరచూ వాడేది క్యాపెసిటబిన్ మాత్రలు, పద్నాలుగు రోజులు వేసి ఏడు రోజులు ఆపుతారు. ఈ మందు కిడ్నీ ద్వారా పోతుంది. క్రియాటినిన్ 1.4 అని చూస్తే ‘కొంచెం ఎక్కువ’ అనిపిస్తుంది. 60 ఏళ్లు, 45 కిలోలున్న ఉద్దానం మహిళకు వయసు, బరువు కలిపి లెక్కగడితే కిడ్నీ వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్లే. 50 నుంచి 30 మధ్య ఉంటే మోతాదును ముప్పావుకు తగ్గించాలి, 30కి దిగువన ఈ మాత్రే వాడకూడదు. ఆమె సరిగ్గా అంచున ఉంది. ఆ లెక్క చేయకుండా పూర్తి మోతాదు ఇస్తే రెండో వారానికి నీళ్ల విరేచనాలు, నోటిపూత, వాటితో ఒంట్లో నీరు పోయి కిడ్నీ ఇంకా కుంగిపోవడం. అరికాళ్లు, అరచేతులు ఎర్రబడి పొట్టు లేస్తాయి కూడా. ఊడ్పులకు ఒట్టికాళ్లతో దిగేవారికి అది మందు మానేయించేంత బాధ. రోజుకు నాలుగుసార్లు గానీ అంతకుమించి గానీ అదనంగా విరేచనాలైతే మాత్రలు ఆపి అదే రోజు ఫోన్ చేయమని ముందే చెప్పి పంపాలి.

స్క్రీనింగ్ మనకు పనికొస్తుందా

పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి చాలావరకు పదేళ్లు పడుతుంది. ఆ వ్యవధే స్క్రీనింగ్‌కు ఆధారం. మలంలో కంటికి కనపడని మనిషి రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షను జపాన్ 1992 నుంచి దేశమంతటా వాడుతోంది, కొరియా 2004 నుంచి. నెదర్లాండ్స్ 2014లో మొదలుపెట్టినప్పుడు దాగి ఉన్నవి బయటపడి మొదట కేసులు పెరిగాయి, తర్వాత పాలిప్స్ తీసేయడంతో తగ్గాయి. కాబట్టి ఎక్కడైనా స్క్రీనింగ్ మొదలైన కొత్తలో కేసులు పెరిగాయని గాభరా పడకూడదు.

మన దేశంలో ప్రభుత్వం చేసే క్యాన్సర్ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారాలకే. అందరికీ పెద్దపేగు పరీక్ష ఇప్పుడే మొదలుపెట్టడం ఇక్కడ సరైన పని కాదు. జబ్బు తక్కువున్న చోట పాజిటివ్ వచ్చినవారిలో చాలామందికి మొలలో, పేగుపూతో తేలుతుంది, వాళ్లందరికీ కొలనోస్కోపీ చేసే చేతులు చాలవు. ఫిట్ సీసా ఎండకు తట్టుకోదు కూడా. వేడికి రక్తంలోని గ్లోబిన్ చెడి, ఉన్న రక్తమూ లేనట్టు చూపిస్తుంది. మే నెలలో మోటార్‌సైకిల్ పెట్టెలో నాలుగు గంటలు ఉన్న సీసా ఇచ్చే ‘నెగెటివ్’ను నమ్మలేం. లక్షణాలున్నవారిని వేగంగా పరీక్షకు పంపడమే ఇక్కడ ముందు చేయాల్సిన పని.

ఒక్క గుంపుకు మాత్రం లక్షణాలు లేకపోయినా పరీక్ష కావాలి. అమ్మకో నాన్నకో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, 40 ఏళ్లకు, లేదా ఇంట్లో జబ్బు పడిన మనిషి అప్పటి వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. తండ్రికి 44లో వస్తే కొడుక్కి 34లో. గడ్డ ముక్క మీద ఎమ్మెమ్మార్ (జన్యువుల్లో తప్పులు సరిచేసే ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసే) పరీక్ష చేయించమని అడిగితే, ఇది వంశంలో వచ్చే రకమేమో కూడా సూచన దొరుకుతుంది. ఆ రిపోర్టు ఇంట్లో పెట్టెలో కాకుండా, సూరత్‌లోనో చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉన్న పిల్లల ఫోన్లలో ఫొటోగా ఉండాలి. అక్కడి డాక్టరు మొదట అడిగేది, నాన్నకు ఏ వయసులో, పేగులో ఎక్కడ వచ్చిందనే.